పళ్ళు రానివాళ్ళ సూది

మార్చి 9

నువ్వన్నది తప్పు, అపిసాయ్. ఆ జ్వరం వానలో తడిసినందుకు రాలేదు.

లారీ వెనక పరుపు మీద పడుకుని వణుకుతూ, కట్టుడు పళ్ళు టకటకమంటుంటే తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు వద్దన్నా వలకెళ్ళాను కెలేరా, వాన దెబ్బ కొట్టింది" అన్నావు. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసినదాన్ని. వానకి అలాంటి జ్వరం రాదని చెప్పే ఓపిక ఆ పూట లేక ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను. దాని పేరు న్యుమోకాకస్. జంటజంటగా తిరిగే క్రిమి. అది రక్తంలోకి దిగితే దాన్ని ప్లీహం పట్టుకుని పీక నొక్కుతుంది. నీకు ప్లీహం లేదు. రెండేళ్ళ కిందట కొబ్బరి మోసే గుర్రం నిన్ను పడేసి తొక్కినప్పుడు పెద్దాసుపత్రిలో తీసేశారు. మొన్న శుక్రవారం పొద్దున నీకు చలి మొదలైంది. శనివారం మధ్యాహ్నానికి నువ్వు లేవు.

డాక్టరు కుర్రవాడు, గొంతు ఇంకా ముదరలేదు. "ఆపరేషన్ అయ్యాక న్యుమోకాకల్ టీకా వేయించమని రాసిచ్చాం కదమ్మా, వేయించారా?" అని అడిగాడు.

"అది ఆరోగ్య కేంద్రం వాళ్ళు చూసుకునే పని" అన్నాను.

అసెనాద చూసుకోలేదు. నేను చేయి పట్టి పని నేర్పిన పిల్ల, ఇవాళ మన ఆరోగ్య కేంద్రానికి పెద్ద నర్సు. ఆసుపత్రి కాగితం చదివి సొరుగులో పెట్టేసింది. అంతే జరిగింది. రేపు ఇంకెవరూ ఇంకో రకంగా చెప్పకుండా ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

మార్చి 10

కట్టుడు పళ్ళు గ్లాసులో ఉన్నాయి. పెట్టె మూసేముందు నీ నోట్లో పెట్టవలసింది. మర్చిపోయాను.

మార్చి 13

ఇల్లు నిండా చాపలు, చాపల నిండా చుట్టాలు. ఎవరు పోయినా వాళ్ళు ఏడ్చే పద్ధతి ఒకటే, తినే పద్ధతి కూడా ఒకటే. మనం రేపటికని దాచిన కర్రపెండలం నిన్ననే అయిపోయింది.

నా తమ్ముడు సెవనాయా నీకు బావమరది కాబట్టి నిన్ను వెక్కిరించే హక్కు వాడిదే. దాన్ని బాగానే వాడుకుంటున్నాడు. సమాధి దగ్గర అందరూ తల వంచుకుని ఉంటే, "బావా, నా పెద్ద వల ఎక్కడ దాచావో చెప్పి పోవచ్చుగా, అంత తొందరేమొచ్చింది" అన్నాడు. పాస్టరు గారు కూడా నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఆ తర్వాత వాడే గోరీ వెనక్కి వెళ్ళి కూర్చుని చాలాసేపు రాలేదు.

నీ పేరున వందోనాటి దాకా ఎవరేం విడిచిపెడతారో ఇవాళ చెప్పుకున్నాం. సెవనాయా మత్తెక్కించే యంగోన వేళ్ళ రసం తాగడం మానేశాడు. మొదటి రోజే ఆ గిన్నె వైపు చూసే చూపు చూస్తే పోయింది నువ్వా అదా అని అనుమానం వస్తుంది. నీ చెల్లెలు సీమపనస మానేసింది, అదెలాగూ ఇప్పుడు కాయదు. నా వంతు వచ్చినప్పుడు, "ఆరోగ్య కేంద్రం గడప తొక్కను" అన్నాను. మంగళవారం మంగళవారం వెళ్ళి పసిపిల్లల్ని తూచేదాన్ని కదా, అది నాకెంత ఇష్టమో అందరికీ తెలుసు. పెద్ద త్యాగమే అన్నారు. అసెనాద మొహం చూడకుండా ఉండటానికి ఇంతకంటే మర్యాదైన దారి నాకు దొరకలేదు.

బడిలో వంట చేసే తిమాయిమా బన్నులు చేసి తెచ్చింది. "బూబూ, తాతకి తీసేసిందే నాకూ తీశారు, పోయినేడాది లారీ బోల్తాపడ్డప్పుడు. చూడండి" అని రవిక ఎత్తి కుట్లు చూపించబోయింది. ఊరందరికీ నేను బూబూనే, అందరి నాయనమ్మనే, అందుకని అందరి కుట్లూ నేనే చూడాలి. "తర్వాత చూస్తాలే, ముందు టీ పెట్టు" అన్నాను. దానికి తన ఆపరేషన్ గురించి చెప్పుకోకపోతే తోచదు.

మార్చి 24

జిల్లా ఆరోగ్య అధికారి వచ్చాడు. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం రాక ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు తిమ్మిరెక్కించుకున్నాడు.

"అమ్మా, మీరు ఒక వాంగ్మూలం రాసివ్వాలి. కాగితం అందిందా, నర్సు ఏం చేసింది, అంతే. ఊళ్ళో చాలామంది ఆమెని మార్చెయ్యమంటున్నారు. మీరేం రాస్తే అదే నిలబడుతుంది."

"తొందరుందా?"

"మీకు వీలైనప్పుడు. ఇంకొకటి కూడా. ఈ టీకా గురించి మన సిబ్బందికి ఎంత తెలుసో చూద్దామని ఇరవై ప్రశ్నలు పంపిస్తున్నాం. ఇక్కడా, చుట్టూ ఉన్న నర్సింగ్ స్టేషన్లలోనూ కలిపి ఏడుగురు. జవాబులు మీరు దిద్దిపెడతారా? వాళ్ళంతా మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళేనట."

"నేర్పింది నేనే. నేర్చుకున్నారో లేదో ఇప్పుడు తెలుస్తుంది" అన్నాను.

నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన వెళ్ళాక ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మార్చి 30

వాంగ్మూలం మొదలుపెట్టాను. "ఆసుపత్రి కాగితం నర్సు అసెనాదకి అందింది" దాకా రాశాను. అది నిజం. పెన్ను ఆగిపోయింది. సిరా బాగోలేదు.

ఏప్రిల్ 4

క్షమాపణ అడగడానికి అసెనాద వాళ్ళు ఇవాళ తిమింగలం పన్ను పట్టుకుని వచ్చారు.

వాన సన్నగా పడుతోంది. వాళ్ళ పెదనాన్న ముందు, వెనక వాళ్ళమ్మ, వాళ్ళందరి వెనక అది. తెల్లటి యూనిఫాం కాదు, నల్ల సులూ గుడ్డ కట్టుకుని వచ్చింది, ఏదో వాళ్ళింట్లోనే చావు జరిగినట్టు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. తలుపు దగ్గరే చాప అంచున మోకాళ్ళ మీద కూలబడింది. పెదనాన్న ఆ పన్నుని రెండు చేతులతో ఎత్తి, తాడు కిందికి వేలాడుతుంటే, చెప్పవలసినవన్నీ చెప్పాడు. మా పిల్ల తప్పు చేసింది, మీ ఇంటి స్తంభం కూలింది, మాకు మొహం లేదు, ఈ చిన్న వస్తువుతో మీ కాళ్ళ దగ్గర కూర్చున్నాం, అని. పాతకాలం పన్ను. వాడి వాడి తేనె రంగు పట్టింది. వాళ్ళింట్లో ఉన్నది అదొక్కటే అయి ఉండాలి.

అందరూ నా వైపు చూశారు. తీసుకుంటే ఆ మాట మట్టిలో పూడ్చినట్టే. మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. వాళ్ళూ ఎత్తకూడదు, నేనూ ఎత్తకూడదు.

అసెనాద ఒక్కసారి తలెత్తి నన్ను చూసింది. ఏదో చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు. మళ్ళీ తల దించుకుంది.

సెవనాయా నా చెవి దగ్గర, "అక్కా, పిల్ల మోకాళ్ళు పోతున్నాయి, ఏదో ఒకటి కానీ" అన్నాడు.

తీసుకున్నాను. నా తరఫున వాడే నాలుగు మాటలు చెప్పాడు, మంచి మాటలు. టీలు తాగారు. నిమ్మాకులు ఎక్కువ పడ్డాయి. నిమ్మాకుల టీ అంటే నీకు ప్రాణం, అందుకని చెయ్యి అలవాటుగా ఎక్కువే వేస్తోంది.

వాళ్ళు వెళ్ళాక సెవనాయా అన్నాడు: "పెద్ద మనసమ్మా నీది."

ఆ పన్నుని నీ కట్టుడు పళ్ళ గ్లాసు పక్కన పెట్టాను. తర్వాత అక్కడ బాగోలేదని బట్టల పెట్టెలోకి మార్చాను.

ఏప్రిల్ 5

బాగా నిద్ర పట్టింది. పూడ్చడం అయిపోయింది. అందుకే ఈ ఆచారాలు పెట్టారు పెద్దవాళ్ళు.

ఏప్రిల్ 11

ఈ టీకా అన్ని రకాల న్యుమోకాకస్‌నీ ఆపదు. పాత పుస్తకం తీసి చూశాను. వేయించినా నువ్వు పోయేవాడివేమో.

ఏప్రిల్ 14

పోయేవాడివేమో.

ఏప్రిల్ 22

ఆదివారం చర్చి పాటలో తిమాయిమా రెండుసార్లు దగ్గింది. పొడి దగ్గు. కొండ మీది నుంచి నడిచి వస్తుంది, దుమ్ము.

మే 8

ప్రశ్నాపత్రాలు వచ్చాయి. ఏడు. సెవనాయా పడవలో చేపల పెట్టెతో పాటు వచ్చాయి, అందుకే జవాబులన్నీ చేప వాసన.

ఎర్ర పెన్ను తీసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, పరీక్ష దిద్దే రోజుల్లోలాగా నడుం నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. మొదటి ఎనిమిది ప్రశ్నలు బాగానే రాశారు. ఆరు వారాలకి, పది వారాలకి, పద్నాలుగు వారాలకి, తొడకి. చల్లపెట్టెలో ఎంత చలి ఉండాలి, గడ్డకట్టిన మందు ఎందుకు పనికిరాదు. నా పిల్లలు. గర్వంగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

తొమ్మిదో ప్రశ్న: చిన్నపిల్లలకి కాక ఇంకెవరికైనా ఈ టీకా అవసరమా, ఎవరికి?

మొదటి కాగితం: "అవసరం లేదు. పళ్ళు రానివాళ్ళకే ఈ సూది."

రెండో కాగితం: "పళ్ళు రానివాళ్ళకే."

మూడోది అయిదు గంటలు పడవలో వెళ్ళే నర్సింగ్ స్టేషన్‌ది. అక్కడి నర్సు ముప్పై దాటని పిల్ల, నేను దాన్ని చూడనే లేదు. "పళ్ళు వచ్చినవాళ్ళకి వెయ్యకూడదు." దాని ముందు నర్సు దగ్గర నేర్చుకుని ఉంటుంది. ఆ ముందు నర్సు నా దగ్గర.

ఏడూ చూశాను. ఏడింటిలోనూ అదే.

నా కొలువు చివరి ఏడాది అది. ఈ టీకా మన దేశానికి కొత్తగా వచ్చింది. రెండు రోజుల శిక్షణకి నన్ను పంపారు. రెండో రోజు మధ్యాహ్నం, పెద్దవాళ్ళలో ఎవరికి వెయ్యాలో చెప్పే పాఠానికి, నేను లేను. బట్టల అంగట్లో నీకు చొక్కా కొంటున్నాను, నీలం పూలది. తిరిగొచ్చి వీళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పాను. పాఠం గుర్తుండాలంటే నవ్వించాలని నా పద్ధతి. పెద్దవాళ్ళు అడిగితే నోరు తెరిచి చూపించమనండి, పళ్ళు రానివాళ్ళకే ఈ సూది, అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. నోటు పుస్తకాల్లో రాసుకున్నారు.

బాగా గుర్తుంది వాళ్ళకి.

ఆ ఇరవై ప్రశ్నలకీ నేనూ విడిగా జవాబులు రాసుకుని, అధికారి పంపిన సరైన జవాబులతో పోల్చుకున్నాను. ఇరవైకి పదకొండు. తొమ్మిదోదానికి సరైన జవాబు ఎనిమిది వరుసలుంది. ముసలివాళ్ళు, ఊపిరితిత్తుల జబ్బువాళ్ళు, గుండె జబ్బువాళ్ళు. ప్లీహం తీసేసినవాళ్ళు ఏ వయసువాళ్ళైనా సరే. అది మొదటి వరుసలోనే ఉంది.

మే 9

వాన. ఏమీ రాయను.

మే 12

రాస్తాను. నువ్వు అక్కడే ఉన్నావు, నీకు తెలుసు. నాకోసం రాస్తున్నాను.

నిన్ను ఆసుపత్రి నుంచి తెచ్చిన మూడో వారం. నువ్వు గోడకి ఆనుకుని కూర్చుని, నొప్పెట్టకుండా నవ్వడం ఎలాగో నేర్చుకుంటున్నావు. అసెనాద ఆ కాగితం పట్టుకుని మన ఇంటికి వచ్చింది. వెంటనే సొరుగులో పెట్టేయలేదు. చదివింది, అనుమానం వచ్చింది, ఎండలో నడిచి వచ్చింది.

"సిస్టర్, తాతకి న్యుమోకాకల్ వేయించమని రాశారు. మన దగ్గర చిన్నపిల్లలది తప్ప లేదు. ఈ కాగితం చూపిస్తే పెద్దాసుపత్రి మందుల గదిలో పెద్దవాళ్ళది ఇస్తారట. తెప్పించమంటారా?"

నేను చేప శుభ్రం చేస్తున్నాను. కాగితం చేతిలోకైనా తీసుకోలేదు. "నేనేం నేర్పాను నీకు?" అన్నాను.

అది సిగ్గుపడి, "పళ్ళు రానివాళ్ళకే" అంది.

"మరి?"

అప్పుడు నువ్వు కట్టుడు పళ్ళు బయటికి తీసి, చిగుళ్ళు చూపించి, "ఇదిగో పిల్లా, నాకూ రాలేదు, వేసెయ్" అన్నావు.

ముగ్గురం నవ్వాం. నువ్వు కుట్లు పట్టుకుని నవ్వావు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టీ తాగి వెళ్ళిపోయింది.

నువ్వు అడిగావు, అపిసాయ్. నోరు తెరిచి అడిగావు.

పెట్టె మూసేముందు ఆ పళ్ళు నీ నోట్లో పెట్టడం మర్చిపోలేదు. గ్లాసు దాకా వెళ్ళాను. చెయ్యి పెట్టలేకపోయాను.

మే 13

ఇవాళ పాటలో తిమాయిమా లేదు. పక్కావిడని అడిగితే, "దగ్గు ఎక్కువైందని పడుకుంది" అన్నది.

పోయినేడాది లారీ బోల్తాపడ్డప్పుడు. తాతకి తీసేసిందే నాకూ తీశారు. బన్నుల గిన్నె చేతిలో పెట్టుకుని చెప్పింది. రవిక ఎత్తి చూపించబోయింది. ఆ రోజు నుంచి లెక్కపెడితే రెండు నెలలు.

పాట అవకుండానే లేచి కొండెక్కాను. ముగ్గురు పిల్లలు గుమ్మంలో గింజలాట ఆడుతున్నారు. లోపల పడుకున్న తిమాయిమా నుదురు ముట్టుకున్నాను, జ్వరం లేదు. ఛాతీకి చెవి పెట్టి విన్నాను. జలుబు ముక్కు, గొంతు వరకే ఉంది. "బూబూ, మీరేంటి ఇంత దూరం, అదీ నల్లబట్టల్లో" అని అది కంగారుపడి లేచి కూర్చుంది. "నీ కుట్లు చూద్దామని వచ్చాను" అన్నాను. నవ్వి చూపించింది.

"సూది ఏమైనా వెయ్యమని రాశారా నీకు?"

"రాశారంట. కాగితం ఆరోగ్య కేంద్రంలో ఇచ్చా. పెద్దవాళ్ళకి అక్కర్లేదన్నారు." తర్వాత, నన్ను సంతోషపెట్టడానికే, "పళ్ళు రానివాళ్ళకేనంటగా, బూబూ" అంది.

వణుకుగానీ జ్వరంగానీ తగిలితే వానా ఎండా చూడకుండా ఆ నిమిషమే బండెక్కి ఆసుపత్రికి పొమ్మని దానికీ, దాని మొగుడికీ చెప్పి, వాళ్ళ చేత చెరో మూడుసార్లు తిరిగి చెప్పించుకుని దిగాను. నీ విషయంలో నేను టీ కాచి మధ్యాహ్నం దాకా చూశాను.

మే 14

పొద్దున్నే సెవనాయా ఇంటికి వెళ్ళి, తిమింగలం పన్ను బయటికి తీశాను.

"ఇది తిరిగి అసెనాద ఇంటికి తీసుకెళ్ళాలి. నువ్వు మాట్లాడాలి నా తరఫున."

"తిరిగివ్వడమంటే? క్షమించనని చెప్పడమా? వందోనాడు కూడా కాకుండా?"

"క్షమాపణ అడగడానికి. వాళ్ళదే తప్ప నా దగ్గర ఇంకో పన్ను లేదు."

మొత్తం చెప్పాను. చొక్కా సంగతి కూడా.

"అక్కా, పూడ్చిందాన్ని తవ్వితే నీ పరువు ఏం కావాలి? నువ్వు అడుగు పెడితే ఊళ్ళో మొగాళ్ళు కూడా బీడీ దాచుకుంటారు."

"ఇకముందు కాల్చుకోమను."

వాడు నవ్వలేదు. లేచి శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు. దారిలో ఒకే మాట అన్నాడు: "వంద రోజులు యంగోన లేకుండా ఇలాంటి పనులు చేయించడం అన్యాయం."

అసెనాద ఇంట్లో లేదు, ఆరోగ్య కేంద్రంలో ఉందన్నారు. గడప తొక్కనన్నాను కదా. తొక్కాను. పసిపిల్లల్ని తూచే త్రాసు దగ్గర నేల మీద కూర్చున్నాను. అది పరుగెత్తుకొచ్చి, "లేవండి సిస్టర్, నేల మీదేంటి, లేవండి" అని నన్ను భుజాలు పట్టి లేపబోయింది. సెవనాయా పన్ను ఎత్తి పట్టుకుని మాట్లాడాడు. ఏడుస్తూ మాట్లాడకూడదంటారు, వాడు ఏడుస్తూనే మాట్లాడాడు.

తర్వాత నేను అడిగాను. "ఆ రోజు మా ఇంటికొచ్చి నన్ను అడిగావని మీవాళ్ళకి ఎందుకు చెప్పలేదు?"

"మీకు తాత ఒక్కడే కదా సిస్టర్. ఆ తప్పు కూడా మీ మీద పెట్టమంటారా?" అంది. "అయినా కాగితం నా చేతిలోదే. చదవడం వచ్చినదాన్ని. తాత నోరు తెరిచినప్పుడు నేనూ నవ్వాను" అంది.

అది పన్ను తీసుకుంది, కానీ ఆ మాట పూడ్చలేదు. పూడ్చొద్దని నేనే చెప్పాను. అందరికీ తెలియాలి.

తిమాయిమా కాగితం సొరుగులో నీ కాగితం కిందే ఉంది.

వాంగ్మూలం అక్కడే బల్ల మీద రాశాను. నాలుగు వాక్యాలు పట్టాయి. సిరా బాగానే ఉంది. ఆ ఏడు జవాబుపత్రాలతో పాటు నాది కూడా జతచేశాను, ఇరవైకి పదకొండు అని ఎర్ర పెన్నుతోనే వేసి.

మే 14, సాయంత్రం

పెద్దాసుపత్రి మందుల గదికి అసెనాద ఫోన్ చేసింది. మందు ఉంది, రేపు వచ్చి తీసుకోమన్నారు. అసెనాదకి రేపు పసిపిల్లల రోజు, కదలలేదు. నేను వెళ్తాను.

మర్చిపోకుండా:

ఆరున్నర బస్సు. తిమాయిమా కాగితం, దాని పుట్టినతేదీ రాసిన చీటీ. రెండూ రవికలో కాదు, సంచిలో.

టీకా పెట్టె అసెనాద కడిగి ఎండబెట్టి ఇచ్చింది. మంచు పలకలు సెవనాయా చేపల ఫ్రీజర్లో పెట్టాను, పై అరలో కుడివైపు. అయిదింటికే తీసి బల్ల మీద పరచాలి. తీసిన వెంటనే పెట్టెలో సర్దకూడదు, సీసా గడ్డకడితే మందు చచ్చిపోతుంది. పైన చెమట పట్టాలి. ఒక్కో పలకా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడాలి. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినపడే దాకా ఆగాలి.